చెప్పినవారు: ఇంటి ఆడపిల్ల

దయ్యాలను నమ్మేవాళ్ల మీద నాకు కోపం లేదు గానీ, వాళ్ల పక్కన కూర్చుని ఆ కథలు వినే ఓపిక ఎప్పుడూ లేదు. మా ఊళ్లో బాణామతి, అంటే చేతబడి, అని జనం వణికిపోయిన రోజుల్లో నేను పదిహేనేళ్ల పిల్లను. గుమ్మానికి నిమ్మకాయలు కడుతున్న మా అమ్మతో అప్పుడే వాదించాను. ఆ నిమ్మకాయలు కోసి పులిహోర కలిపించింది నేనే.

పదో తరగతి లెక్కల్లో తప్పాను. పెళ్లయ్యాక శంషాబాద్‌లో కుట్టుమిషన్ పెట్టుకున్నాను. శాఖా గ్రంథాలయం మా వీధి చివరే. గిరాకీ లేని మధ్యాహ్నాలు అక్కడ కూర్చుని ఆరోగ్యం, ఖగోళం, నిజాం కాలపు చరిత్ర, ఎవరూ ముట్టని జిల్లా గెజిటీర్లు, ఏది దొరికితే అది చదివాను. ఉర్దూ అక్షరాలు కూడా పిల్లల వాచకం ముందు పెట్టుకుని అక్కడే నేర్చుకున్నాను. ఇది గొప్పకు చెప్పడం లేదు అని రాయబోయాను. కొంచెం గొప్పకే చెబుతున్నాను.

కింద రాసేది భయపడి ఊహించుకున్నది కాదు, కాగితాలు చూసి చెబుతున్నది అని మీకు తెలియడానికే ఇదంతా.

మా అమ్మ పేరు పెంటమ్మ. మా వైపు ఆ పేరు ఎందుకు పెడతారో చాలామందికి తెలుసు. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెడతారు. వేరే ఇంటి ఆడమనిషి వచ్చి తీసుకుంటుంది. తల్లి ఆమెకు చేటెడు తవుడు ఇచ్చి బిడ్డను కొనుక్కుంటుంది. ఇది మా బిడ్డ కాదు, పారేస్తే దొరికింది అని చావును నమ్మించడం అన్నమాట.

మా అమ్మమ్మ బాలమ్మ అంతటితో ఆగలేదు. చనిపోయిన పెద్దబిడ్డ పేరు మళ్లీ ఎవరూ పలకకూడదని ఒట్టు వేయించింది. పేరు తీస్తే ఆ పిల్ల వింటుందని, చెల్లెలి కోసం వస్తుందని ఆమె భయం. ఇంట్లో, వాడలో అందరూ ఆ ఒట్టు నిలబెట్టారు. ఎంత బాగా నిలబెట్టారంటే, వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు పోయాక, మా అమ్మకు ఒక అక్క ఉండేదన్న సంగతి ఒక్కటే మిగిలింది. పేరు మిగల్లేదు.

కిందటేడు పితరుల అమావాస్యకు, మేము పెత్రమాస అనే రోజున, ఈ సంగతి బయటపడింది. ఆ రోజు మేము పోయినవాళ్ల పేర్లు చెప్పి అయ్యగారికి చేటలో బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. పేరు చెప్పకుండా ఇచ్చేది ఎవరికీ చేరదని మావాళ్ల నమ్మకం. అమ్మ తన తల్లి పేరు, తండ్రి పేరు, మా నాన్న పేరు చెప్పింది. అయినా చేట వదలలేదు.

ఇంటికి వచ్చాక నాతో అంది: "నేను బతకాలెనని దాని పేరు మింగిన్రు యాదమ్మా. డెబ్బై ఎనిమిదేండ్లు బతికిన. ఒక్కసారన్న దానికి పిడికెడు బియ్యం ఇయ్యలే. మళ్ల పెత్రమాసకు నేనుంటనో ఉండనో. నువ్వు గన్ని పుస్తకాలు చదువుతవు గద, జర దేవులాడు."

నా చదువు మీద అమ్మ ఏనాడూ మంచిమాట అనలేదు. ఆ ఒక్కమాటకు నేను పడిపోయాను.

ఆ పేరు ఎవరైనా రాసి ఉంటే జనాభా లెక్కల్లోనే రాసి ఉండాలి. ఆ లెక్కల కోసం ఇంటింటికీ తిరిగి నింపిన కాగితాలు మామూలు మనుషులకు చూపించరని, లెక్క తేలాక వాటిని దాచి పెట్టరని కూడా చదివి ఉన్నాను. కానీ పాతకాలంలో ఊళ్లలో ఆ లెక్క రాసింది ఎక్కువగా పట్వారీలే, అంటే కరణాలే. మా ఊరి పట్వారీ మనవడు నర్సింగరావు సారు బడిపంతులుగా చేసి, ఇప్పుడు రాజేంద్రనగర్‌లో ఉంటున్నాడు. వాళ్ల ఇంట్లో తాతగారి చెక్కపెట్టె ఉందని తెలిసి బస్సెక్కి వెళ్లాను.

"బ్లౌజులు కుట్టేదానివి, నీకు ఉర్దూ ఏడికెల్లి వచ్చిందమ్మా? మా తాత రాత మా నాయనకే సమజ్ కాకపోయేది" అని ఆయన నవ్వాడు. మొదటి పేజీలో మా ఊరి చెరువు పేరు చదివి వినిపించాను. తర్వాత నవ్వలేదు. వెళ్లినప్పుడల్లా చాయ్ తెచ్చి పెట్టేవాడు.

మా ఆయన కిష్టయ్య విమానాశ్రయానికి క్యాబ్ నడుపుతాడు. ఆయన మాత్రం ఎగతాళి ఆపలేదు. "బతికినోళ్ల ఆధార్ కార్డులే సక్కగ లెవ్వు, ఇగ సచ్చినోళ్లవి దేవులాడుతున్నది" అనేవాడు.

ఆ మాటలో నిజం ఉంది. అమ్మ పుట్టింటి పేరు ఈరమోని. నాన్న ఇల్లరికం వచ్చాడు కాబట్టి మాకూ అదే నడిచింది. అయితే అమ్మ ఆధార్‌లో వీరమోని అని, పాత రేషన్ కార్డులో ఎర్రమోని అని, పొలం పాస్‌బుక్కులో ఈరమోళ్ల అని ఉంది. ఎవరికి ఎట్లా వినబడితే అట్లా రాశారు. పెట్టెలో ఒక్కొక్కటి పదేళ్ల ఎడంతో నాలుగు పుస్తకాలు దొరికితే, మొదటి మూడు వారాలు నేను ఈరమోని కోసమే వెతికి, లేదనుకుని ఏడ్చినంత పని చేశాను.

దారి చూపింది పీర్ల కొట్టం, మొహర్రం పీర్లను ఉంచే ఇల్లు. మా పాత ఇల్లు కుమ్మరివాళ్ల ఇంటికీ పీర్ల కొట్టానికీ నడుమ ఉండేది. లెక్క రాసేవాడు ఏ పేరు రాసినా వాడ వరస తప్పడు. కుమ్మరి ఇల్లు, తర్వాత ఒక ఇల్లు, తర్వాత పీర్ల కొట్టం. ఆ నడిమి ఇల్లే మాది. అట్లా చూస్తే నాలుగు పుస్తకాల్లోనూ దొరికాం, నాలుగు రకాల ఇంటిపేర్లతో. ఆ సాయంత్రం బస్సులో నా అంత తెలివైనది మండలంలో లేదనిపించింది.

ఆ పుస్తకాల గురించి ఒక మాట చెప్పాలి. అవి సర్కారుకు పంపినవి కావు. లెక్క రాసేవాడు ముందు తన పుస్తకంలో చిత్తు రాసుకుని, తర్వాత ఫారంలోకి ఎక్కించేవాడు. చిత్తులో సర్కారు అడగని గడి ఒకటి ఉండేది: చెప్పినవారు. పగలు ఊరంతా చేన్లలో ఉంటుంది. ఇంటి దగ్గర ముసలివాళ్లో పిల్లలో ఉంటారు. ఎవరు చెప్పారో గుర్తు పెట్టుకుంటే, పొద్దుగూకి పెద్దవాళ్లు వచ్చాక సరిచూసుకోవచ్చు. పట్వారీ పెట్టిన పద్ధతి అది. ఆయన తర్వాత రాసినవాళ్లు కూడా పాటించారు, పుస్తకాలు ఆయన పెట్టెలోనే పెట్టారు.

మొదటి పుస్తకం ఉర్దూలో ఉంది. అమ్మ పుట్టకముందుది. ఈరయ్య, బాలమ్మ, ఒక కూతురు. వయసు ఏడు. చెప్పినవారు ఈరయ్య. కూతురి పేరు ఉండాల్సిన చోట చెదలు. పేరును వెతుక్కుని తిన్నాయి అని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం. ఆ మూల మొత్తం పోయింది. మూడు ఇళ్లవాళ్ల పేర్లు కొన్ని పోయాయి. నర్సింగరావు సారు భూతద్దం తెచ్చాడు. ఆ పిల్లది మిగిలింది ఏడు అనే అంకె ఒక్కటే.

అక్కడితో నా వెతుకులాట అయిపోవాలి. మిగతా మూడు పుస్తకాలు ఊరికే తిరగేశాను, అమ్మ చిన్నప్పటి వయసు చూద్దామని.

రెండో పుస్తకంలో ఈరయ్య, బాలమ్మ, పెంటమ్మ నాలుగేళ్లు. ఆ కింద ఇంకో వరస. పేరు గడిలో పేరు లేదు, అడ్డగీత ఒకటి ఉంది. ఆడపిల్ల, ఏడేళ్లు. ఆ వరస మీద అడ్డంగా కొట్టివేత, పక్కన "ఇంటివారు లేదన్నారు" అని చిన్న అక్షరాలు. చెప్పినవారు: ఇంటి ఆడపిల్ల.

మూడో పుస్తకం అప్పటి ఊరి బడిపంతులు ఒకాయన రాసింది, గుండ్రటి తెలుగు అక్షరాలు. పెంటమ్మ పద్నాలుగేళ్లు. ఆ కింద పేరు లేని ఆడపిల్ల, ఏడేళ్లు, కొట్టివేత. చెప్పినవారు: ఇంటి ఆడపిల్ల.

నాలుగోది పట్వారీ కొడుకు, అంటే నర్సింగరావు సారు నాయన, రాసింది. మా నాన్న జంగయ్య, అమ్మ, రెండేళ్ల నేను. నా కింద పేరు లేని ఆడపిల్ల. ఏడేళ్లు. కొట్టివేత.

పాత పుస్తకం చూసి ఎక్కించి ఉంటారని మొదట అనుకున్నాను. సోమరివాళ్లు అన్ని కాలాల్లోనూ ఉంటారు. కానీ చూసి రాస్తే ఇంటిపేరు అదే రావాలి కదా. నాలుగింట్లో నాలుగు రకాలుగా ఉంది. అంటే ప్రతిసారీ ఎవరో చెబితే విని రాశారు. మిగతావాళ్ల వయసులు పదేళ్లకు పదేళ్లు పెరిగాయి. ఒక్కరిదే పెరగలేదు. నేను మూడుసార్లు సరిచూశాను. నర్సింగరావు సారు కూడా చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "పుస్తకాలు ఇంటికి తీస్కపోతవా, జిరాక్స్ తీసుకుంటవా?" అని మాత్రం అడిగాడు. జిరాక్స్ తీసుకున్నాను. ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

అమ్మకు చెప్పకూడదనే అనుకున్నాను. ఆమె గుండె అప్పటికే బలహీనం. కానీ నెలల తరబడి నేను తిరుగుతున్నది ఆమె కోసమే. ఒకరోజు "దొరికిందా?" అని అడిగితే, లేదనలేక జిరాక్సులు మంచం మీద పరిచాను.

నాలుగోది చదివి చెబుతుండగా అమ్మ దాని మీద వేలు పెట్టింది. ఆమెకు చదవడం రాదు. నేను చెప్పిందే విని, అంది:

"పొద్దుగూకంగ వచ్చిండు ఆ సారు. నేను చేన్ల నుంచి గప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్న. మీ పెద్దపిల్ల మంచి హుషారున్నదమ్మా, గడగడ చెప్పింది అన్నడు. పెద్దపిల్ల ఏడిది సారూ, నాకు గీ రెండేండ్లదే పెద్దది అన్న. ఆయన గడప దిక్కు చూసిండు, నేను చూసిన. ఎవ్వరు లేరు. ఇగ కొట్టేసిండు." మళ్లీ అంది: "మా అమ్మ కొట్టేయించింది. నేను గూడ కొట్టేయించిన."

మా ఊరి ఇల్లు ఇప్పుడు లేదు. కూలిపోతే ప్లాటు చేసి అమ్మేశాం. మహేశ్వరం వైపు వెళ్తుంటే ఆ చోటు కనిపిస్తుంది, రాతి హద్దులు, రంగు జెండాలు. అమ్మ నాతో శంషాబాద్‌లోనే ఉండేది. ముందు గది నా కుట్టు షాపు, వెనక గదిలో అమ్మ మంచం. గేటు పక్కన సిమెంటు గద్దె. ఇల్లు మా ఆయనది. గోడ మీద ఆయన ఇంటిపేరుతో కావలి కిష్టయ్య అని రాసి ఉంటుంది. ఈరమోని అనే పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

ఈ యేడు పెత్రమాసకు పదిహేను రోజుల ముందు సర్కారు ఇంటింటి లెక్క మొదలైంది. మా వాడకు వచ్చింది సునీత అనే టీచరు. ఆమె వచ్చిన రోజు నేను అమ్మను దవాఖానకు తీసుకుపోయాను, మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఇంటికి తాళం. మరునాడు పొద్దున టీచరు మళ్లీ వచ్చింది.

"అక్కా, నిన్న మీ పాప అన్నీ చెప్పింది. ఫోన్ నంబర్, సంతకం కావాలె" అంది.

మా ఇంట్లో పాప లేదన్నాను. నా కొడుకు పెద్దవాడు, పుణెలో పని చేస్తాడు.

"గద్దె మీద కూసున్నది కదా? ఏడేండ్లుంటయి. బడికి పోతలేవా అంటే నవ్వింది" అని ఆమె ఫారం చూపించింది.

ఇంటిపేరు ఈరమోని. పెంటమ్మ, యాదమ్మ, కిష్టయ్య, అందరి పేర్లూ ఉన్నాయి. పెంటమ్మ వయసు గడి ఖాళీ. ఎందుకని అడిగాను.

"వయసెంత అంటే, అది చిన్నది అన్నది. ఇంకో పిల్ల అనుకొని ఖాళీ పెట్టిన. ఈ కింద వరస గద్దె మీది పిల్లదే. నీ పేరేందిరా అంటే చెప్తలేదు. మా చెల్లెకు తెలుసు, దాన్నే అడుగు అంటది. బగ్గ మాటలు నేర్సింది. ఏదక్కా చెల్లె? పిలువు, రాసుకొని పోత."

వెనక గదిలోంచి అమ్మ అన్నీ విన్నది. గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కొట్టేయకు బిడ్డా" అంది టీచరుతో.

"పేరు లేకుంటే ఫారం తీసుకోరమ్మా. నేను రేపు పొద్దున ఒప్పజెప్పాలె."

"ఇయ్యాల పొద్దుగూకే లోపల రా. నేను చెప్త."

టీచరు నా వైపు చూసింది. ముసలివాళ్లు ఏదో అంటుంటారులే అన్నట్టు తల ఊపి వెళ్లిపోయింది. నేను ఆ వీధిలో ఇరవై రెండు ఇళ్లూ తిరిగి అడిగాను. ఏడేళ్ల ఆడపిల్ల ఎవరింట్లోనూ లేదు. ఎవరింటికీ చుట్టాలు రాలేదు. ఉన్న ఇద్దరు పిల్లలు మగపిల్లలు.

తిరిగి వచ్చేసరికి అమ్మ మంచాన్ని ఎట్లానో జరుపుకుని గుమ్మానికి ఎదురుగా పడుకుని ఉంది. ఒక్కొక్క పేరే పిలుస్తోంది. బాలమణి. ఆగడం. సాయమ్మ. ఆగడం. రామక్క. లచ్చవ్వ. ఒక్కో పేరు తర్వాత గుమ్మం వైపు చూసి, ఎవరైనా ఊ కొడతారేమో అన్నట్టు వినేది. తనకు తెలిసిన ఆడవాళ్ల పేర్లన్నీ, చుట్టాలవి, చచ్చినవాళ్లవి, ఊరి దేవతలవి కూడా పిలిచింది. అన్నం పెడితే తినలేదు. అలిసిపోతావు పడుకో అంటే, "అది ఎండల కూసున్నదేమో" అంది.

నేను గుమ్మంలో కూర్చుని ఆమెకు పేర్లు అందించి ఉండవలసింది. గ్రంథాలయంలో కూర్చుని ఎన్ని పేర్లు చదివాను. కానీ బతుకమ్మ పండుగకు ఇవ్వాల్సిన బ్లౌజులు పదకొండు ఉన్నాయి. ఆడవాళ్లు వచ్చి గేటు దగ్గర తిట్టిపోతున్నారు. ముందు గదిలో మిషన్ దగ్గర కూర్చున్నాను. మోటారు చప్పుడు, మధ్యలో ఇంటి మీదుగా దిగే విమానాలు. వాటి కింద అమ్మ గొంతు వస్తూ పోతూ ఉంది.

మధ్యాహ్నం మూడు దాటింది. ఒక బ్లౌజు చెయ్యి కుడుతూ మధ్యలో ఉన్నాను. అమ్మ ఏదో పేరు పిలిచింది. వెంటనే నవ్వింది. అమ్మ అట్లా నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు, గొంతులో చిన్నపిల్ల నవ్వినట్టు. ఆ తర్వాత ఇంకో పేరు పిలవలేదు.

ఏ పేరు పిలిచిందో నాకు వినపడలేదు. మిషన్ నడుస్తోంది. కుట్టు పూర్తి చేసి, దారం తెంపి, లేచి వెళ్లాను. అంతా కలిపి రెండు నిమిషాలు కావొచ్చు.

అమ్మ నోరు ఒక పక్కకు లాగేసింది. కుడి చెయ్యి పడిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, గుమ్మం వైపే. నన్ను చూసి చెప్పడానికి ప్రయత్నం చేసింది. నేను చెవి ఆమె నోటికి ఆనించాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ఎడమచేత్తో దుప్పటి మీద గీసింది, కానీ ఆమెకు అక్షరాలు రావు.

అంబులెన్సు కోసం చూస్తుండగా టీచరు వచ్చింది. అమ్మను చూసి భయపడి, ముందు ఆమె కాళ్లు రుద్దింది. వెళ్లేముందు ఫారం తీసి, ఇబ్బందిగా, ఏం చేయమంటారని అడిగింది. అమ్మ నన్నే చూస్తోంది. నేను ఒక పేరు కల్పించి చెప్పవచ్చు. పక్కనే ఆ పేరు తెలిసిన మనిషి ఉండగా అబద్ధం పేరు ఎట్లా చెప్పను? టీచరు ఆ వరస మీద గీత కొట్టి, నా చేత సంతకం పెట్టించుకుంది.

అమ్మ మూడో రోజు పోయింది. మాట మళ్లీ రాలేదు.

పెత్రమాస నాడు చేట పట్టుకుని వెళ్లాను. అమ్మమ్మ, తాత, నాన్న, చివర అమ్మ పేరు చెప్పాను. ఇంకెవరన్నా ఉన్నారా అని అయ్యగారు అడిగాడు. మా పెద్దమ్మ అన్నాను. ఏడేళ్లు అన్నాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. పేరు అడిగాడు. తెలియదన్నాను. పేరు తెలియనివాళ్లకు కూడా ఇవ్వొచ్చు, దానికి వేరే మంత్రం ఉందమ్మా అన్నాడు. ఇచ్చాను. అది ఎవరికి చేరిందో నాకు తెలియదు.

తర్వాత సునీత టీచరును బడి దగ్గర కలిశాను. ఆమెను మళ్లీ మళ్లీ అడిగాను. చెప్పిందే చెప్పింది, ఒక్క ముక్క మార్చలేదు. వేరే ఇల్లు అనుకుని పొరబడి ఉంటారా అంటే, ఈరమోని అని నేనెట్ల కల్పిస్త అక్కా అంది. దీనికి కారణం పుస్తకాల్లో ఉంటుందని గ్రంథాలయంలో రెండు నెలలు వెతికాను. జ్ఞాపకశక్తి మీద, భ్రమల మీద ఉన్నవన్నీ చదివాను. ఒక మనిషికి కలిగే భ్రమ గురించి చాలా ఉంది. ఏళ్ల ఎడంతో, వేరువేరు మనుషులు, ఒకే కుటుంబంలో ఒకే వయసు పిల్లను లెక్కబెట్టడం గురించి ఏమీ లేదు.

నాకు ఈ సంగతి అర్థం కాలేదు. దయ్యం అని మాత్రం ఇప్పటికీ నోరు రాదు. మా పెద్దమ్మ కదా.

మళ్లీ జనాభా లెక్కలు రాస్తారంటున్నారు. ఆ రోజు ఇంట్లో ఉండాలో, తాళం వేసి పోవాలో తేల్చుకోలేకుండా ఉన్నాను. నేనుంటే ఆమె రాదు. పోతే వచ్చి గద్దె మీద కూర్చుంటుందేమో. అందరి పేర్లూ చెబుతుందేమో. నీ పేరేంటని అడిగితే చెల్లెను అడగమంటుంది. ఆ చెల్లె ఇప్పుడు ఇంట్లో లేదు.